విదేశీ యూనివర్సిటీలు అడిగే సబ్జెక్టులు: సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు సమగ్ర మార్గదర్శి

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మన ఇళ్లల్లో పెద్ద నిర్ణయం ఒకటి జరిగిపోతుంది. ఇంజినీరింగ్ అనుకుంటే లెక్కలు, డాక్టరు అనుకుంటే బయాలజీ, రెండూ వద్దనుకుంటే కామర్స్. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలు ఒడిశా ప్రభుత్వ ప్రవేశాల పోర్టల్ శామ్స్‌లో ప్లస్ టు ఫారం నింపుతారు. అవతల మహారాష్ట్ర వైపు దెగ్లూరు, ధర్మాబాద్, కిన్వట్, సిరొంచ పిల్లలు అకరావీలో, అంటే 11వ తరగతిలో చేరతారు. విదేశాల్లో చదవాలన్న ఆలోచన మాత్రం చాలామందికి రెండో ఏడాది మధ్యలో పుడుతుంది. అప్పుడు యూనివర్సిటీ పేజీ తెరిస్తే, వాళ్లు అడిగిన సబ్జెక్టు మనవాడి మార్క్‌షీట్‌లో ఉండదు. 95 శాతం వచ్చినా సరే, కోర్సుకు తప్పనిసరి అన్న సబ్జెక్టు లేకపోతే ఆ దరఖాస్తు ముందుకు కదలడం కష్టం.

నేను బరంపురంలో ప్లస్ టు పిల్లలకు లెక్కలు చెబుతాను. తెలివైన పిల్లలకు ఈ ఒక్క కారణంగా దారి మూసుకుపోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇందులో కన్సల్టెన్సీకి డబ్బు కట్టి తెలుసుకోవాల్సిందేమీ లేదు. యూనివర్సిటీలు తమ సైట్లలో అన్నీ రాసే పెడతాయి. ఎప్పుడు చదవాలి, ఎలా చదవాలి అన్నదే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: దేశాన్ని పక్కన పెట్టి కోర్సు పేజీ తెరవండి

"లండన్‌లో చదవాలి", "అమెరికా వెళ్లాలి" అంటూ మొదలుపెడితే పని తెమలదు. సబ్జెక్టుల షరతు దేశాన్ని బట్టి కొంత మారుతుంది, కోర్సును బట్టి చాలా మారుతుంది. ఒకే యూనివర్సిటీలో ఎకనామిక్స్‌కు లెక్కలు తప్పనిసరి కావచ్చు, చరిత్రకు అసలు అక్కర్లేకపోవచ్చు. అందుకని ముందు కోర్సు తేల్చుకుని, దాన్ని చెప్పే నాలుగైదు యూనివర్సిటీల పేజీలు తెరిచి, ఎంట్రీ రిక్వైర్‌మెంట్స్ అన్న భాగం చదవండి.

అక్కడ మూడు రకాల మాటలు కనిపిస్తాయి. రిక్వైర్డ్ అంటే అది లేకపోతే సీటు లేదు. రికమెండెడ్ అంటే లేకపోయినా అప్లై చేయొచ్చు. కానీ పోటీ గట్టిగా ఉన్న చోట ఆ సబ్జెక్టు ఉన్నవాళ్లతోనే మనం పోటీ పడాలి, కాబట్టి దాన్ని సగం తప్పనిసరిగా లెక్కేసుకోండి. ఆస్ట్రేలియా పేజీల్లో అజ్యూమ్డ్ నాలెడ్జ్ అని ఉంటుంది. అది లేకున్నా చేర్చుకుంటారు, కానీ మొదటి వారం నుంచే అది నీకు వచ్చనుకుని పాఠం చెబుతారు. సీటు వచ్చింది కదా అని అలా వెళ్లిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు.

రెండో మెట్టు: ఏ చదువుకు ఏ సబ్జెక్టు కావాలో తెలుసుకోండి

మన ఊళ్లలో దీని గురించే ఎక్కువ అపోహలు ఉన్నాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కంప్యూటర్ సైన్స్ చదవాలంటే ప్లస్ టులో కంప్యూటర్ సబ్జెక్టు ఉండాలని చాలామంది అనుకుంటారు. పెద్ద యూనివర్సిటీలు దాదాపు అన్నీ అడిగేది లెక్కలు. కేంబ్రిడ్జ్ కంప్యూటర్ సైన్స్‌కు టీఎంయూఏ అనే పరీక్ష పెడుతుంది. దాన్నిండా గణితం, తర్కమే. ఒక్కొక్కటి 75 నిమిషాల పేపర్లు రెండు, క్యాలిక్యులేటర్ ఉండదు. ఐటీ సబ్జెక్టు తీసుకుని లెక్కలు వదిలేసిన పిల్లవాడికి కంప్యూటర్ సైన్స్ దారే మూసుకుపోతుంది.

ఇంజినీరింగ్‌కు బ్రిటన్‌లో లెక్కలు, ఫిజిక్స్ ముఖ్యం. కెనడాకు వెళ్తే కెమిస్ట్రీ కూడా చేరుతుంది. టొరంటో, వాటర్‌లూ యూనివర్సిటీల్లో మెకానికల్‌కైనా కెమిస్ట్రీ అడుగుతారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు మూడూ చదివినవాళ్లకు ఇక్కడ ఇబ్బంది లేదు.

ఎకనామిక్స్ కామర్స్ పిల్లల సబ్జెక్టని మన అభిప్రాయం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, వారిక్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల ఎకనామిక్స్‌కు గణితం తప్పనిసరి. కామర్స్‌లో చెప్పే బిజినెస్ మ్యాథ్స్‌ను వాళ్లు గణితంగా ఒప్పుకుంటారన్న భరోసా లేదు. మహారాష్ట్ర బోర్డులోనూ మ్యాథమెటిక్స్ అండ్ స్టాటిస్టిక్స్ అన్న పేరుతోనే సైన్స్, ఆర్ట్స్ వాళ్లకు ఒక పేపరు, కామర్స్ వాళ్లకు వేరే పేపరు ఉంటాయి. సీబీఎస్ఈలో మ్యాథమెటిక్స్ కోడ్ 041, అప్లైడ్ మ్యాథమెటిక్స్ కోడ్ 241. అప్లైడ్ తీసుకున్నవాళ్లను చాలా యూనివర్సిటీలు ఇంజినీరింగ్‌కు, గణితం ఎక్కువగా ఉండే కోర్సులకు తీసుకోవు. ఫారంలో టిక్కు పెట్టే ముందు కోడ్ చూసుకోండి.

వైద్యం విషయంలో రెండు లెక్కలు చూసుకోవాలి. బ్రిటన్ యూనివర్సిటీలు ముఖ్యంగా అడిగేది కెమిస్ట్రీ, దాంతోపాటు చాలా చోట్ల బయాలజీ. కేంబ్రిడ్జ్ అయితే కెమిస్ట్రీకి తోడు బయాలజీ, ఫిజిక్స్, గణితాల్లో ఒకటి ఉండాలంటుంది. ఇది అక్కడి లెక్క. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే ఇక్కడి లెక్క వేరే ఉంది. ప్లస్ టులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, విదేశీ ఎంబీబీఎస్‌లో చేరే ముందు నీట్‌లో అర్హత రావాలి. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారం అక్కడి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అక్కడి కాలేజీ ఫలానా సబ్జెక్టు అడగలేదు కదా అని ఇక్కడ వదిలేస్తే, డిగ్రీ చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కుపడుతుంది.

లా, చరిత్ర, సాహిత్యాలకు ఫలానా సబ్జెక్టే కావాలన్న షరతు తక్కువ. వ్యాసం రాసే అలవాటున్న సబ్జెక్టు ఒకటైనా ఉంటే మంచిది. బ్రిటన్‌లో కొన్ని లా కాలేజీలు ఎల్‌నాట్ పరీక్ష పెడతాయి.

మూడో మెట్టు: ప్లస్ టు ఫారంలో ఆప్షన్లు ఆలోచించి పెట్టండి

ఒడిశా ప్లస్ టు బోర్డు సీహెచ్‌ఎస్‌ఈ సైన్స్‌లో ఇంగ్లీషు, ఎమ్మైఎల్ (ఆధునిక భారతీయ భాష), ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎలాగూ ఉంటాయి. మూడో ఎలెక్టివ్, నాలుగో ఎలెక్టివ్ మన చేతిలో ఉంటాయి. ఏం చదవాలో ఇంకా తేలని పిల్లలకు నా సలహా ఒకటే: లెక్కలు, బయాలజీ రెండూ తీసుకోండి. భారం ఎక్కువే, కాదనను. కానీ పదిహేనేళ్ల పిల్లల మనసు రెండేళ్లలో మారుతుంది, ఈ రెండూ ఉంటే ఎటు మారినా దారి ఉంటుంది. బయాలజీ అంటే ససేమిరా ఇష్టం లేని పిల్లలను బలవంతపెట్టవద్దు. దాని బదులు స్టాటిస్టిక్స్, ఐటీ ఏదైనా పర్వాలేదు. లెక్కలు వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను.

ఎమ్మైఎల్‌గా తెలుగు తీసుకోవాలా, ఒడియా తీసుకోవాలా అని తల్లిదండ్రులు టెన్షన్ పడుతుంటారు. ఏది బాగా వస్తే అది తీసుకోండి. ఎంఐటీ లాంటి అమెరికన్ యూనివర్సిటీలు బళ్లో ఇంగ్లీషు కాకుండా మరో భాష రెండేళ్లు చదివి ఉంటే మంచిదంటాయి. తెలుగో ఒడియానో పదేళ్లు చదివిన మన పిల్లలు ఆ మాటకొస్తే భయపడాల్సిన పనే లేదు. బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు మాత్రం మంచి మార్కులు వచ్చిన నాలుగైదు సబ్జెక్టులు లెక్కేసేటప్పుడు ప్రాంతీయ భాషను పక్కన పెడతాయి. అందుకే మొత్తం పర్సంటేజీ ఎంత ఉందని మురిసిపోకుండా, భాషను తీసేసి మిగిలిన సబ్జెక్టుల సగటు విడిగా వేసి చూసుకోండి.

మహారాష్ట్ర వైపు బైఫోకల్ (వృత్తి సబ్జెక్టు) తీసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఎలక్ట్రానిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ 200 మార్కుల బైఫోకల్‌గా తీసుకుంటే రెండో భాష పోతుంది, సాధారణంగా బయాలజీ కూడా పోతుంది. భాష అడిగిన చోట తొమ్మిది, పది తరగతుల మార్కులతోనే చూపించుకోవాలి. ఆ కాగితాలు పారేయకండి.

నాలుగో మెట్టు: మన బోర్డును ఆ దేశం ఎలా చూస్తుందో చూడండి

బ్రిటన్ యూనివర్సిటీలు ఇండియాకు విడిగా పేజీ పెడతాయి. అందులో సీబీఎస్ఈ, సీఐఎస్‌సీఈ ఒక వరసలో, స్టేట్ బోర్డులు మరో వరసలో ఉంటాయి. స్టేట్ బోర్డు వాళ్లను ఎక్కువ శాతం అడిగే చోట్లు ఉన్నాయి, ప్లస్ టు ఒక్కటే చాలదనే చోట్లూ ఉన్నాయి. మనవాళ్లు సీబీఎస్ఈ వరస చదివి ధైర్యంగా అప్లై చేసేస్తారు. అలా చేయకండి, మీ బోర్డు వరసే చదవండి.

అమెరికాలో తప్పనిసరి అన్న మాట తక్కువ, ఆశించేది ఎక్కువ. ఎంఐటీ ఒక ఏడాది ఫిజిక్స్, ఒక ఏడాది కెమిస్ట్రీ, ఒక ఏడాది బయాలజీ, క్యాలిక్యులస్ దాకా గణితం, నాలుగేళ్ల ఇంగ్లీషు, రెండేళ్ల చరిత్ర లేదా సోషల్ ఉంటే మంచిదంటుంది. అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు తరగతులు. కాబట్టి మన పిల్లలు తొమ్మిది, పదిలో చదివిన సోషల్, జీవశాస్త్రం కూడా లెక్కలోకి వస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు తమ షరతులకు ఏ నుంచి జీ వరకు అక్షరాలు పెట్టి, చరిత్రకు రెండేళ్లు, గణితానికి మూడేళ్లు అని ఏళ్ల లెక్కన చెబుతాయి. అవి అమెరికా ప్రవేశ పరీక్ష శాట్ మార్కులు అసలు చూడవు. ఎంఐటీకి మాత్రం శాట్ గానీ యాక్ట్ గానీ ఉండాల్సిందే.

జర్మనీలో మామూలుగా ప్లస్ టుతో నేరుగా బ్యాచిలర్స్‌లో చేర్చుకోరు. మూడు దారులు ఉన్నాయి. స్టూడియెన్‌కొలెగ్ అనే ఏడాది కోర్సు చేసి పరీక్ష పాసవడం ఒకటి. ఇక్కడే యూనివర్సిటీలో సంబంధిత సబ్జెక్టు ఒక ఏడాది విజయవంతంగా చదవడం రెండోది. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసై సాంకేతిక, సైన్స్ కోర్సులకు వెళ్లడం మూడోది. స్టూడియెన్‌కొలెగ్‌లో ఇంజినీరింగ్ వైపు టీ కోర్సు, వైద్యం, జీవశాస్త్రం వైపు ఎం కోర్సు, ఎకనామిక్స్ వైపు డబ్ల్యూ కోర్సు ఉంటాయి. ఇక్కడ చదివిన సబ్జెక్టులను బట్టే అక్కడ దారి తేలుతుంది. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు, చదువు కాగితాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి చేశారు.

ఐదో మెట్టు: సిలబస్‌ను అధ్యాయాల వారీగా పోల్చండి

సబ్జెక్టు పేరు కలిస్తే పని అయిపోలేదు. నా పిల్లలతో నేను చేయించే పద్ధతి ఇది. ఒక నోటుబుక్‌లో పేజీని రెండుగా గీసి, ఎడమ వైపు యూనివర్సిటీ లేదా ప్రవేశ పరీక్ష అడిగే అంశాలు, కుడి వైపు మన పుస్తకంలోని అధ్యాయాలు రాయాలి. కుడి వైపు ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ చదువుకోవాల్సింది ఉందన్నమాట.

కేంబ్రిడ్జ్ ఇంజినీరింగ్‌నే తీసుకోండి. ఏ లెవెల్ (బ్రిటన్‌లో మన ప్లస్ టు లాంటిది) గణితం, ఫిజిక్స్ ఉండాలంటారు, ఫర్దర్ మ్యాథమెటిక్స్ ఉంటే చాలా మంచిదంటారు. మనకు ఆ పేరుతో సబ్జెక్టు లేదు కదా అని పిల్లలు దిగులు పడతారు. ఫర్దర్ మ్యాథ్స్ అంశాలు ఎడమ వైపు రాసి చూడండి: సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, సదిశలు, అవకలన సమీకరణాలు, గణితానుగమనం, ధ్రువ నిరూపకాలు, అతిపరావలయ ప్రమేయాలు. మొదటి నాలుగూ మన ప్లస్ టులో చాలా వరకు ఉన్నాయి. చివరి రెండూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో లేవు. గణితానుగమనం అధ్యాయాన్ని 2022–23 కుదింపులో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకం నుంచి తీసేశారు. పాత పుస్తకం ఏ సీనియర్ ఇంట్లోనైనా దొరుకుతుంది, తెచ్చుకుని ఆ అధ్యాయం మొత్తం చేయండి. ఒక దానికొకటి ఆధారంగా నిరూపణ రాయడం అక్కడే అలవాటవుతుంది, టీఎంయూఏ లాంటి పరీక్షలు చూసేదీ ఆ తర్కాన్నే.

మన బోర్డు పరీక్షకు, వాళ్ల పరీక్షకు ఉన్న అసలు తేడా అక్కడ బయటపడుతుంది. కేంబ్రిడ్జ్ ఇంజినీరింగ్, నేచురల్ సైన్సెస్ వాళ్లు, ఇంపీరియల్ కాలేజీలో చాలా కోర్సులు ఈశాట్ అనే ప్రవేశ పరీక్ష అడుగుతాయి. గణితం 1 అందరూ రాయాలి, మిగతా భాగాలు కోర్సును బట్టి ఉంటాయి. ఒక్కో భాగానికి 40 నిమిషాల్లో 27 ప్రశ్నలు. సూత్రం గుర్తుంటే సరిపోదు, చూడగానే దారి తోచాలి. జేఈఈకి సాధన చేసే పిల్లలు దీన్ని తొందరగా అందుకుంటారు.

ఆరో మెట్టు: లోటుంటే పూడ్చుకునే దారులు

ఇప్పటికే రెండో ఏడాదిలో ఉండి సబ్జెక్టు తక్కువైనవాళ్లు కంగారు పడకండి. దారులు ఉన్నాయి, అన్నింటికీ టైము కావాలి.

అందరికీ అందుబాటులో ఉన్నది ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. పాసైనవాళ్లు కూడా పార్ట్ అడ్మిషన్ తీసుకుని నాలుగు వరకు సబ్జెక్టులు రాయొచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరులో జరుగుతాయి. కామర్స్ చదివి ఎకనామిక్స్‌కు గణితం కావాల్సినవాళ్లకు ఇది నిజంగా ఉపయోగపడుతుంది. రెండు బోర్డుల మార్క్‌షీట్లు కలిపి చూస్తారా లేదా అన్నది ఫీజు కట్టకముందే యూనివర్సిటీని అడగండి. బయాలజీ లేకుండా ప్లస్ టు అయినవాళ్లకు మరో మాట: దాన్ని తర్వాత అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు, విదేశీ వైద్య విద్యకు అర్హులేనని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది.

అమెరికాకు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మంచి దన్ను. క్యాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ విడివిడిగా రాయొచ్చు, స్కోరు 1 నుంచి 5 వరకు. అవి మే నెలలో జరుగుతాయి కాబట్టి రెండో ఏడాది మేలో రాస్తే స్కోరు వచ్చేసరికి అడ్మిషన్లు అయిపోతాయి. మొదటి ఏడాది మేలోనే రాయాలి, అంటే అంతకుముందు శరదృతువులోనే పేరు నమోదు చేసుకోవాలి. ఏ లెవెల్ గణితం ఒక్కటే ప్రైవేటుగా కట్టి రాయడం కూడా కుదురుతుంది, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. అదే అవసరమని యూనివర్సిటీ రాతపూర్వకంగా చెబితే తప్ప ఆ డబ్బు పెట్టవద్దనే నేను చెబుతాను.

కాలేజీలో సబ్జెక్టే దొరకని పిల్లల కోసం అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీ 2023లో ఒక మంచి పని చేసింది. క్యాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే వీలు లేనివాళ్లు ఖాన్ అకాడమీలో ఉచితంగా నేర్చుకుని, స్కూల్‌హౌస్ వరల్డ్ సైట్లో జరిగే పరీక్షలో 90 శాతం, ఆపైన తెచ్చుకుంటే ఒప్పుకుంటామంది. మల్కన్‌గిరిలోనో గడ్చిరోలిలోనో లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో చదివే అమ్మాయికి ఇలాంటి తలుపులు ఇంకా చాలా తెరుచుకోవాలని నా కోరిక.

చివరి దారి ఫౌండేషన్ ఇయర్, అంటే డిగ్రీకి ముందు చదివే సన్నాహక ఏడాది. ఒక ఏడాది ఫీజు అదనం. ఏ యూనివర్సిటీ ఫౌండేషన్‌ను ఏ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో చూసుకునే చేరండి.

ఏడో మెట్టు: కాగితాలు

మన ప్రాంతం పిల్లలు అసలు నలిగేది ఇక్కడే. మార్క్‌షీట్‌లో సబ్జెక్టు పేర్లు పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఎమ్మైఎల్ అంటే ఏమిటో మాంచెస్టర్‌లో కూర్చున్న అధికారికి తెలియదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం తీసుకోండి. ప్రతి సబ్జెక్టు పూర్తి పేరు, థియరీకి ఎన్ని మార్కులు, ప్రాక్టికల్‌కు ఎన్ని, ఎన్నేళ్లు చదివారు, సిలబస్ బోర్డు సైట్లో ఎక్కడుంది అన్నవి అందులో ఉండాలి. 11వ తరగతి పరీక్ష కాలేజీ సొంతంగా పెట్టుకునేది కాబట్టి ఆ మార్కులు బోర్డు దగ్గర దొరకవు. కాలేజీలో ఉండగానే సీలు వేయించుకుని నాలుగైదు ప్రతులు దాచుకోండి. తొమ్మిదో తరగతి మార్కులు కూడా పాత బడికి వెళ్లి తెచ్చుకోండి.

బ్రిటన్ దరఖాస్తులో లెక్చరర్ ప్రిడిక్టెడ్ మార్కులు రాయాలి, అంటే బోర్డు పరీక్షలో ఏ సబ్జెక్టుకు ఎన్ని రావచ్చో ముందే అంచనా ఇవ్వాలి. మన కాలేజీల్లో ఈ అలవాటు లేదు. "సార్, కాస్త రాసిపెట్టండి" అని ఆఖరి వారం అడిగితే ఏ లెక్చరరూ రాయలేరు. ఆగస్టులోనే వెళ్లి, 11వ తరగతి మార్కులు, టెస్టుల మార్కులు ఒక కాగితం మీద రాసి, యూనివర్సిటీ ఏ సబ్జెక్టులో ఎంత అడుగుతోందో పక్కన చూపించండి. ఆధారం చేతిలో ఉంటే ఎవరైనా సంతోషంగా రాస్తారు.

పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, పాస్‌పోర్ట్‌లో ఒక్క అక్షరంగా ఉన్న పిల్లలు మన దగ్గర చాలామంది. దరఖాస్తుకు ముందే అన్నీ ఒకటి చేయించండి.

ఎనిమిదో మెట్టు: అనుమానం ఉంటే మెయిల్ రాయండి

అడ్మిషన్స్ ఆఫీసుకు మనం నేరుగా రాయొచ్చా అని చాలామంది జంకుతారు. నిరభ్యంతరంగా రాయొచ్చు. నాలుగు వాక్యాలు చాలు: నేను ఒడిశా సీహెచ్‌ఎస్‌ఈలో ఫలానా సబ్జెక్టులు చదువుతున్నాను, మీ ఫలానా కోర్సుకు ఫలానా ఏడాది అప్లై చేయాలనుకుంటున్నాను, మీ పేజీలో ఈ వాక్యం చదివాను, నా సబ్జెక్టు దానికి సరిపోతుందా. సిలబస్ పీడీఎఫ్ జత చేయండి. ఒక మెయిల్‌లో ఒకటే ప్రశ్న ఉండాలి. వచ్చిన జవాబును ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. తర్వాత ఎవరైనా కాదంటే చూపించడానికి అదే ఆధారం.

తేదీలు

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు, బ్రిటన్‌లో దాదాపు అన్ని వైద్య కోర్సులకు గడువు అక్టోబరు 15, అక్కడి సాయంత్రం 6 గంటలు. మనకు రాత్రి పదిన్నర. మిగతా కోర్సులకు ప్రధాన గడువు జనవరిలో వస్తుంది. ఒకే ఏడాది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ అప్లై చేయడం కుదరదు. బ్రిటన్ యూనివర్సిటీలకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే యూకాస్‌లో మొత్తం ఐదు ఎంపికలు, వైద్యానికి నాలుగే. కేంబ్రిడ్జ్ వాళ్లు ఈశాట్, టీఎంయూఏ అక్టోబరులోనే రాయాలి, బుకింగ్ అంతకు చాలా ముందే మూసేస్తారు. వైద్యానికి రాసే యూక్యాట్ జులై నుంచి సెప్టెంబరు వరకు జరుగుతుంది. ఈ పరీక్షలు పియర్సన్ వ్యూ సెంటర్లలో ఉంటాయి. బుక్ చేసేటప్పుడు దగ్గర్లో సెంటర్ ఉందేమో చూడండి, లేకపోతే హైదరాబాద్ వెళ్లాలి. బరంపురం నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా సికింద్రాబాద్ తీసుకెళ్తుంది. పరీక్షకు ఒక రోజు ముందే చేరేలా టికెట్ చేయించుకోండి, ఏ పాస్‌పోర్ట్‌తో బుక్ చేశారో ఆ ఒరిజినలే వెంట తీసుకెళ్లండి. సెంటర్లో జిరాక్స్ ఒప్పుకోరు.